ఆయిల్ పెరిగిందన్న తాయారమ్మ గారు

ఐ.టి.ఐ.లో పాఠాలు చెప్పే నా మిత్రుడొకరు ఈమధ్య ఇంటికొచ్చి, "మా పిల్లలు ట్రాక్టర్ల షాపుల్లో చేరబోతున్నారు. పుస్తకాల్లో లేని సంగతులు నాలుగు కాగితాలు రాసివ్వు" అన్నారు. నేను తణుకులో ఒక ట్రాక్టర్ల డీలరు దగ్గర మెకానిక్కుగా చేరి, అక్కడే సర్వీసు సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో రాస్తే ఆ పిల్లలకు ఒరిగేదేమీ లేదు. నా ఉద్యోగంలో సగం ఇంజనాయిలు చుట్టూ తిరిగింది. దాన్ని చూడడం నేర్పినవాళ్ళు ఇద్దరు. ఒకరు మా ఫోర్‌మన్ వీర్రాజు గారు. రెండో ఆవిడ మెకానిక్కు కాదు, ఒక రైతు. వాళ్ళ దగ్గర ఏం నేర్చుకున్నానో, ఎంత ఆలస్యంగా నేర్చుకున్నానో చెప్తాను.

వీర్రాజు గారి మొదటి పాఠం

తొంభైల మొదట్లో నేను చేరిన రోజున నా చేతికి పానా ఇస్తారని ఎదురుచూశాను. వీర్రాజు గారు ఇవ్వలేదు. షెడ్డులో ఉన్న మూడు ట్రాక్టర్ల దగ్గరికీ వెళ్ళి, ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చూసే పుల్లలు మూడూ లాక్కొచ్చి నా ముందు పట్టుకున్నారు. ఆయనకప్పటికి యాభై దాటాయి. పొట్టి మనిషి, మెడలో ఎప్పుడూ ఒక తువ్వాలు.

"ఈ మూడిట్లో ఏది మంచి ఆయిలురా?" అన్నారు.

ఒకటి తేనెలా మెరుస్తోంది. ఒకటి నల్లగా ఉంది. మూడోది పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. నేను తేనె రంగుది చూపించాను.

"అది నిన్న సాయంత్రం పోసింది. ఇంకా పనిలోకి దిగలేదు. ఈ నల్లది చూడు. డీజిల్ ఇంజన్ లోపల మసి పుడుతుంది. ఆ మసిని కడిగి తనలో కలుపుకుంటేనే ఆయిల్ నల్లబడేది. నల్లగా ఉందని పారబోసేవాడు మెకానిక్కు కాదు. ఈ మూడోది ఉంది చూశావూ, దీంట్లో నీళ్ళు కలిశాయి. ఈ బండి ఇప్పుడు స్టార్ట్ చేశావంటే ఇంజన్ పోతుంది."

తరవాత నల్ల ఆయిల్ చుక్క నా చూపుడు వేలికి రాసి, బొటనవేలితో రుద్దమన్నారు. గరుకు తగిలితే దుమ్ము లోపలికి వెళ్ళినట్టు. నీళ్ళలా జారిపోతే పల్చబడినట్టు. వాసన చూడమన్నారు. పాత దినపత్రిక ముక్క మీద ఒక చుక్క వేసి పక్కన పెట్టించారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ మచ్చని చూపించారు. మధ్యలో నల్లటి చుక్క, చుట్టూ కొద్దిగా నూనె మరక. "ఇలాగుంటే మంచిదే. అదే డీజిల్ కలిసిందనుకో, చుట్టూ ఉన్న మరక వెడల్పుగా పాకిపోతుంది. ఇంతకన్నా చవకైన మిషను ఎక్కడా దొరకదు" అన్నారు.

ఆయనకి ఇంకో అలవాటుండేది. ఖాళీ అయిన ఆయిల్ డబ్బాకి స్క్రూడ్రైవరుతో అడుగున కన్నం పొడిచిగాని బయటికి పోనిచ్చేవారు కాదు. బజార్లో ఆ ఖాళీ డబ్బాలు కొని, వాడేసిన ఆయిల్ వడగట్టి, రంగు తేల్చి, మళ్ళీ మూత బిగించి అమ్మేవాళ్ళున్న రోజులవి. మంచి ఆయిల్ ఎలా ఎంచుకోవాలని ఎవరైనా అడిగితే నా సలహా ఈనాటికీ అదే. ట్రాక్టర్‌తో ఇచ్చిన పుస్తకంలో రాసింది కొనండి, బిల్లిచ్చే షాపులో కొనండి, మూత సీలు మీ కళ్ళముందే విప్పించండి. చిక్కగా ఉన్నదే మంచిదని గేర్ బాక్సులో పోసే ఆయిల్ తెచ్చి ఇంజన్‌లో పోసిన పెద్దమనుషుల్ని చూశాను. పొగ తగ్గుతుందని ఎవరో చెప్పారట. ఇంజన్‌కి పప్పులో వేసే నెయ్యి లెక్కలు పనికిరావు.

ఇవన్నీ మొదటి సంవత్సరంలోనే నేర్చుకున్నాను. నేర్చుకున్నానని గర్వం కూడా వచ్చింది. చిక్కొచ్చింది అక్కడే.

నవ్విన రోజు

తాయారమ్మ గారిది తణుకుకి అత్తిలి వైపు ఒక ఊరు. అప్పటికి నలభై ఏళ్ళుంటాయి. భర్త పోయాక నాలుగెకరాల వ్యవసాయం తనే చూసుకుంటూ, మా దగ్గర ట్రాక్టర్ కొన్నారు. సొంత పొలానికి అంత బండి అక్కర్లేదు. కిరాయికి తిప్పి దాని అప్పు తీర్చాలని ఆవిడ ఆలోచన. అబ్బులనే డ్రైవర్ని పెట్టుకున్నారు. అబ్బులు నెమ్మదైన మనిషి. బండి తుడవందే ఎక్కేవాడు కాదు.

ఆ ఏడాది సార్వాకి, అంటే వానాకాలం పంటకి, కాలవలకి నీళ్ళు వదిలారు. మా వైపు ఆ పదిహేను ఇరవై రోజులూ ట్రాక్టర్‌కి విశ్రాంతి ఉండదు. రబ్బరు టైర్ల పక్కన పంజరాల్లాంటి ఇనప కేజీ చక్రాలు బిగించి, నీళ్ళు నిలిచిన మడిలో బురదంతా కలిసిపోయేదాకా తిప్పుతారు. దాన్ని దమ్ము చెయ్యడమంటాం. ఇంజన్ మీద అంత బరువు ఇంకే పనిలోనూ పడదు.

దమ్ములు మొదలయ్యే ముందు నేను మోటారు సైకిల్ మీద ఊళ్ళు తిరిగి బండ్లు చూసొచ్చేవాణ్ణి. అలా తాయారమ్మ గారి కళ్ళంలోకి వెళ్ళాను. బండి ఎండలో ఉంది. ఆవిడ చీర కొంగు నడుముకి దోపుకుని ఎదురొచ్చారు.

"బాబూ, ఒక మాట. మా బండిలో ఆయిల్ పెరుగుతోంది" అన్నారు.

"తగ్గుతోందా అండి?"

"తగ్గడం కాదు బాబూ, పెరుగుతోంది. రోజూ పొద్దున్నే బండి స్టార్ట్ చెయ్యకముందు నేనే పుల్ల తీసి చూస్తాను. ఇదే చోట, చదునుగా ఉంటుందని. పోయిన వారం పై గీత దగ్గరుంది. ఇప్పుడు గీత దాటి వేలెడు పైకొచ్చింది. అబ్బులు పొయ్యలేదు, నేను పొయ్యలేదు."

నేను నవ్వాను. అది మాత్రం బాగా గుర్తు. "పాలు పొంగినట్టు ఆయిల్ పొంగదండి తాయారమ్మ గారూ. అబ్బులు ఎప్పుడో ఒక లీటరు ఎక్కువ పోసుంటాడు. మర్చిపోయుంటాడు" అన్నాను.

అబ్బులు పక్కనే ఉన్నాడు. "నేను పొయ్యలేదండి" అన్నాడు.

పుల్ల లాగి చూశాను. నిజమే, గీత దాటే ఉంది. వేళ్ళతో రుద్దలేదు. వాసన చూడలేదు. కాగితం మీద చుక్క వెయ్యలేదు. ఆ రోజు ఇంకా నాలుగు ఊళ్ళు తిరగాలి. ఒక సీసాడు ఆయిల్ కిందకి దించేసి, గీతకి సరిచేసి, "ఇంక భయం లేదండి" అని చెప్పి వచ్చేశాను.

ఆవిడ నన్నాపి, "అది కాదు బాబూ, వాసన కూడా..." అన్నారు. నేను అప్పటికే మోటారు సైకిల్ స్టార్ట్ చేశాను.

ఎనిమిదో రోజున కబురొచ్చింది. దమ్ములో ఉండగా ఇంజన్‌లోంచి టకటక శబ్దం మొదలై, అబ్బులు ఆపేలోపే బండి ఆగిపోయింది. ఇద్దరు రైతుల చేలు అయ్యాయి. ఇంకో ఆరుగురు ఆ బండి మీదే ఆశపెట్టుకుని ఉన్నారు. నారుమళ్ళలో నారు ముదురుతోంది. ముదురు నారు నాటితే పిలకలు పెట్టదు, పంట తగ్గుతుంది. మాటిచ్చినవాళ్ళందరికీ తాయారమ్మ గారే సమాధానం చెప్పుకోవాలి.

బండిని షాపుకి లాక్కొచ్చి, వీర్రాజు గారూ నేనూ కలిసి ఇంజన్ విప్పాం. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబరు నట్టు తియ్యగానే ఆయిల్ ధారగా, నీళ్ళలా పడింది. గుప్పున డీజిల్ వాసన. వీర్రాజు గారు డీజిల్‌ని ట్యాంకు నుంచి లాగే చిన్న పంపు విప్పి చూపించారు. దాని లోపల రబ్బరు పొర చీలింది. అందులోంచి డీజిల్ బొట్టుబొట్టుగా ఇంజనాయిల్లోకి దిగుతోంది. అందుకే ఆయిల్ పెరిగింది. పెరిగిన కొద్దీ పల్చబడింది. పల్చబడ్డ ఆయిల్ దమ్ములో ఇంజన్ బరువు మొయ్యలేకపోయింది. బేరింగులు అరిగి, వాటి మధ్య తిరిగే ఇరుసు, క్రాంక్, గీసుకుపోయింది.

ఆవిడ చెప్పినప్పుడు పది నిమిషాలు ఆగి ఉంటే ఆ పంపు మార్చి, ఆయిల్ మార్చి, సాయంత్రానికి వచ్చేసేవాణ్ణి.

"ఏరా, నువ్వు పోయినవారం ఆ ఊరెళ్ళావు కదా" అన్నారు వీర్రాజు గారు.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు.

రాయమన్నది, రాసింది

బండి కొని ఏడాది కాలేదు కాబట్టి మరమ్మతు కంపెనీయే చేయించాలి. అయితే ఎందుకు పోయిందో షాపు నుంచి రిపోర్టు వెళ్ళాలి. మేనేజరు గారు నన్ను గదిలోకి పిలిచారు. చెడ్డవాడేం కాదు. షాపు పేరంటే ఆయనకి ప్రాణం.

"డ్రైవరు బజార్లో లూజు ఆయిల్ తెచ్చి పోశాడని రాయి. దాంతో ఆయిల్ పల్చబడిందను. అలాంటివి రోజూ చూస్తున్నాం కదా. మన మీదకి రాదు" అన్నారు.

"పంపులో పొర చీలిందండి. డీజిల్ కలిసింది."

"చీలింది, సరే. దాన్ని నువ్వు వెళ్ళి చూసి కూడా వదిలేశావని రాస్తావా? ముందు పోయేది నీ ఉద్యోగం. ఆలోచించుకో."

ఆలోచించాను. అప్పటికి పెళ్ళై ఆర్నెల్లు. ఆ సాయంత్రం వర్క్‌షాపు వెనకాల కూర్చుని మేనేజరు గారు చెప్పినట్టే రాద్దామనుకున్నాను, ఒక వాక్యం రాశాను కూడా. రెండో వాక్యంలో అబ్బులు పేరు రాయాలి. మా వైపు డ్రైవర్‌కి కల్తీ ఆయిల్ పోశాడన్న పేరొస్తే ఏ రైతూ బండెక్కించుకోడు. తాయారమ్మ గారికి మరమ్మతు కూడా దక్కదు. ఆ కాగితం చింపేసి, తెల్లారి మోటారు సైకిల్ మీద ఆవిడ ఊరెళ్ళాను.

ఆవిడ ఇంటి ముందు ఇద్దరు రైతులు నిలబడి మాట్లాడుతున్నారు. ఇంకో ఊరి బండి పిలుచుకుంటామని చెప్పడానికి వచ్చారని అర్థమైంది. వాళ్ళు వెళ్ళేదాకా ఆగాను. అబ్బులు అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు.

"తాయారమ్మ గారూ, మీరారోజు ఆయిల్ పెరిగిందన్నారు. నేను నవ్వాను. మీరు చెప్పిందే నిజం. డీజిల్ పంపు చీలింది. నేను చూడాల్సింది చూడలేదు. తప్పు నాదండి. అబ్బులుది కాదు, మీది కాదు" అన్నాను.

అబ్బులు తలెత్తాడు.

ఆవిడ అబ్బులు వైపు ఓసారి చూశారు. తరవాత, "వాసన కూడా డీజిల్ వాసనొస్తోందని చెప్దామనుకున్నాను బాబూ. నువ్వు వినలేదు. చదువుకున్నవాడివి, నీకు తెలుసేమో, నాకే తెలీదేమో అనుకుని ఊరుకున్నాను. గట్టిగా చెప్పకపోవడం నా తప్పు" అన్నారు.

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి.

"మీ మేనేజరు గారు అబ్బులు మీద పెట్టమన్నారంట? మీ షాపు కుర్రాళ్ళు అబ్బులుతో అన్నారంట."

"అన్నారండి. నేను జరిగిందే రాస్తున్నాను."

"రాస్తే నీకేమవుతుంది?"

"తెలీదండి."

ఆవిడ ఇంకా ఏదో అడుగుతారనుకున్నాను. "సరే. అవన్నీ తరవాత. ముందు బండి ఎన్నాళ్ళకొస్తుందో చెప్పు. ఆరుగురికి మాటిచ్చాను" అన్నారు.

నాలుగు రోజులని చెప్పేశాను. నాలుగు రోజుల్లో అయ్యే పని కాదది.

షాపుకొచ్చి రిపోర్టు రాశాను. పంపు లోపం గురించి రాశాను. యజమానురాలు ముందే హెచ్చరించిందనీ, తనిఖీకి వెళ్ళిన మెకానిక్కు, అంటే నేను, సరిగ్గా పరీక్షించలేదనీ రాశాను. సంతకం చేసి వీర్రాజు గారికి చూపించాను. ఆయన అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, నా చేతిలోంచి పెన్ను తీసుకుని నా సంతకం కింద తన సంతకం కూడా పెట్టారు.

"మీరెందుకండి?" అన్నాను.

"వాసన చూడమని నేర్పాను. ఎదుటివాళ్ళు చెప్పింది వినమని నేర్పలేదు. అది నా పాఠంలో తక్కువే కదరా" అన్నారు.

ఆ రెండు సంతకాల కాగితం మేనేజరు గారు అటూ ఇటూ తిప్పి చూశారు. ఇద్దరినీ ఒకేసారి పంపించేస్తే దమ్ముల్లో షాపు నడవదు. కాగితం అలాగే కంపెనీకి వెళ్ళింది. లోపం పంపుదేనని వాళ్ళొప్పుకుని, ఇంజన్ ఖర్చు వాళ్ళే పెట్టుకున్నారు.

ఇక నాలుగు రోజుల మాట. క్రాంక్‌ని సానపట్టించడానికి వీర్రాజు గారు దాన్ని గోనెసంచిలో చుట్టుకుని తనే బస్సులో రాజమండ్రి వెళ్ళారు. లేతు మిషను అతని పక్కన రెండు రోజులు కుర్చీ వేసుకుని కూర్చుని, పూర్తయ్యాకే తిరిగొచ్చారు. ఈలోగా నేను దమ్ములు ముందే అయిపోయిన మా ఖాతాదారు ఒకాయన్ని బతిమాలి, ఆయన ట్రాక్టర్ తాయారమ్మ గారి ఊరు పంపించాను. దాన్ని అబ్బులే నడిపాడు. నాలుగో రోజు కాదు, ఐదో రోజు పొద్దున్న ఆవిడ బండి కళ్ళంలో దిగింది. నారు ముదరకముందే నాట్లు పడ్డాయి. ఇచ్చిన మాట ఒక్కటీ పోలేదు.

బండి దింపిన రోజు తాయారమ్మ గారు పుల్ల తీసి చూసి, వాసన చూసి, నా చేతికిచ్చారు. "నువ్వూ చూడు బాబూ" అన్నారు. చూశాను. బాగుందన్నాను. ఇంజన్ స్టార్ట్ చేశాం.

గుంటలో ఆర్నెల్లు

ఉద్యోగం పోలేదు గాని, మేనేజరు గారు నన్ను ఊళ్ళు తిరిగే పని నుంచి తప్పించి ఆయిల్ మార్చే గుంటలో వేశారు. అంటే బండి పైన నిలబడుతుంది, మనిషి కింద గుంటలో నిలబడి ఛాంబరు నట్టు విప్పి పాత ఆయిల్ దించాలి. కొత్తగా చేరినవాళ్ళు చేసే పని. తోటివాళ్ళ ముందు మొదటి వారం తలెత్తుకోలేకపోయాను.

మేనేజరు గారికి ఇప్పుడు దండం పెడతాను. నాకు ఆయిల్ గురించి తెలిసిందంతా ఆ గుంటలోనే తెలిసింది. ఒక సీజన్‌లో ఎన్ని బండ్ల కింద నిలబడ్డానో లెక్కలేదు. ప్రతి దానిలోంచీ కారేది నా వేళ్ళతో రుద్దాను. సార్వా నూర్పిళ్ళు చేసొచ్చిన ఒక బండి ఆయిల్ ఇసకలా గరగరలాడింది. పైకెక్కి చూస్తే, గాలి లోపలికి వెళ్ళే గొట్టం చిరిగితే దానికి పాత లుంగీ ముక్క చుట్టారు. ధాన్యం దుమ్మంతా ఇంజన్‌లోకే పోయింది. ఇంకో బండి ఆయిల్లో వెండి పొడిలా సన్నటి మెరుపు కనపడింది. బేరింగు అరగడం మొదలైందని ముందే తెలిసి, శబ్దం రాకముందే విప్పాం. నట్టు విప్పి బకెట్లోకి వదిలి వెళ్ళిపోయేవాడికి ఇవేమీ తెలియవు. ఆయిల్ ఎప్పుడూ ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు దించండి, దిగేంతసేపూ పక్కనే ఉండి చూడండి. కుర్రవాళ్ళకి ఈ ఒక్కటీ అలవాటైతే చాలు.

ఆ రోజుల్లోనే భీమవరం వైపు నుంచి ఒక రాజు గారు బండి తెచ్చారు. ఆయనకి చేపల చెరువులున్నాయి. నట్టు విప్పితే ఆయిల్ కారలేదు. తారులా ముద్దకట్టి ఉంది. పైకొచ్చి అడిగాను.

"ఆయిల్ ఎప్పుడు మార్చారండి?"

"ఆయిలు మార్చడమేంటండి, బండి కదిల్తే కదా. చెరువు గట్టు మీద నిలబెట్టి నీళ్ళ పంపు తిప్పుతున్నామండి. ఏడాదిగా ఊరు దాట్లేదు. నడవని బండికి ఆయిల్ ఎందుకండి?"

ఆయన వేళాకోళానికి అనలేదు, నిజంగానే అడిగారు. ఈసారి నేను నవ్వలేదు. "మనిషి మంచం దిగకపోయినా ఊపిరి తీస్తూనే ఉంటాడు కదండీ. బండి కదలకపోయినా ఇంజన్ తిరిగినంతసేపూ ఆయిల్ పాడవుతూనే ఉంటుంది. ట్రాక్టర్‌కి కిలోమీటర్లు చూడకూడదండి, గంటలు చూడాలి" అని, డాష్‌బోర్డు మీద గంటలు చూపించే మీటరు చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"మరి పుల్ల తీసి చూస్తే నిండా ఉన్నట్టే ఉండేదండి" అన్నారు.

ఆ మాట వదిలెయ్యలేదు. బండి ఎలా నిలబెడతారో అడిగితే అరచెయ్యి వాల్చి చూపించారు. ముందు చక్రాలు పల్లంలో. ఆయిల్ అంతా పుల్ల ఉన్న వైపుకి జారి, సగమే ఉన్నా నిండుగా కనపడేది. రాజు గారు వెళ్ళి గట్టు మీద బండి కోసం సిమెంటు చప్టా పోయించారు. ఆ తరవాత ఆయన చుట్టాలూ, పక్క చెరువులవాళ్ళూ మా షాపుకే వచ్చేవారు. "గుంటలో ఒకతనుంటాడు, అతన్ని అడగండి" అని పంపేవారట. ఆర్నెల్లు తిరిగేసరికి మేనేజరు గారు నన్ను పైకి పిలిచి మళ్ళీ ఊళ్ళ మీదకి పంపారు.

ఆ తరవాత ఏ ఊరెళ్ళినా బండి విప్పకముందు డ్రైవర్‌నీ, యజమానినీ కూర్చోబెట్టి, "ఏం గమనించారండి?" అని అడగడం నా పద్ధతైపోయింది. సగం జబ్బు అక్కడే తెలిసిపోయేది. అబ్బులు నాకు మంచి స్నేహితుడయ్యాడు. కొత్త డ్రైవర్లకి ఆయిల్ చూడడం నేర్పాలంటే అతన్ని తీసుకెళ్ళేవాణ్ణి. నాకన్నా బాగా చెప్పేవాడు.

వీర్రాజు గారు రిటైరై పెద్దాపురం దగ్గర సొంత ఊరెళ్ళిపోయారు. మరిడమ్మ జాతరకి ప్రతి ఏడూ రమ్మని కబురు పంపేవారు. నేను రెండుసార్లే వెళ్ళాను. ఇంకా వెళ్ళాల్సింది.

ఐదు బండ్లు

రెండువేలు దాటిన కొన్నేళ్ళకి టర్బో ఇంజన్ల ట్రాక్టర్లు మా షాపుకి రావడం మొదలైంది. అప్పటికి వర్క్‌షాపు నా చేతిలో ఉంది. తాయారమ్మ గారు రెండో బండిగా అలాంటిదే కొన్నారు. మొదటి సర్వీసుకి ఆవిడే వెంటొచ్చారు. నేను డ్రమ్ము చూపించి ఆయిల్ పొయ్యమని మావాళ్ళకి చెప్తుంటే ఆపారు.

"బాబూ, ఆయిల్ డబ్బా మీద చిక్కదనం నంబరు కాకుండా ఇంకేవో అక్షరాలుంటాయంట కదా. మా కోడలు పుస్తకం చదివింది. ఈ బండికి ఆ అక్షరాలు వేరే ఉండాలంటోంది."

పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్న నాకు లోపల చిరాకు కలగలేదంటే అబద్ధం. ఆ డ్రమ్ములో ఆయిల్ ఎన్ని వందల బండ్లకి పోశానో. అయినా, "కూర్చోండమ్మా, ఒక్క నిమిషం" అని పుస్తకం తెప్పించి చదివాను. ఆవిడ కోడలు చెప్పింది నిజం. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే చక్రం. అది చాలా వేగంగా తిరుగుతుంది, విపరీతంగా వేడెక్కుతుంది. దానికి నూనె అందించేది కూడా ఇంజనాయిలే. పాత రకం ఆయిల్ ఆ వేడికి మాడి లోపల పెచ్చులు కడుతుంది. చిక్కదనం ఒకటే అయినా రకం వేరు. ఆ రకాన్ని చెప్పేవే డబ్బా మీద అక్షరాలు. కొత్త బండ్లొచ్చినప్పుడు కొత్త పుస్తకం చదవాలన్న ఇంగితం నాకు లేకపోయింది.

తాయారమ్మ గారి బండికి సరైన ఆయిల్ తెప్పించి పోశాం. "మీ కోడలికి నా తరఫున చెప్పండమ్మా" అన్నాను. "చెప్తాను. ఆ పిల్ల భయపడుతూ చెప్పింది, నీకు కోపమొస్తుందేమోనని" అన్నారావిడ.

అంతకుముందు నెలల్లో అలాంటి టర్బో బండ్లు ఐదింటికి నా చేత్తో పాత ఆయిలే పోయించాను. అప్పటికి మేనేజరు మారారు. కొత్తాయన, "ఎవరూ కంప్లెయింట్ ఇవ్వలేదు కదండీ. వచ్చే సర్వీసులో మార్చేద్దాం" అన్నారు. నేను వాదించలేదు. మర్నాటి నుంచి సెలవు పెట్టి, సొంత డబ్బుతో ఆయిల్ డబ్బాలూ ఫిల్టర్లూ కొని, జీపులో వేసుకుని బయల్దేరాను.

రెండు రోజుల్లో నాలుగు బండ్లు అయ్యాయి. ఒకాయన కసురుకున్నారు. న్యాయమే. ఐదోది పెనుగొండ వైపు, సుబ్బారావు గారనే పెద్దాయనది. వెళ్ళేసరికి ఆయన కొబ్బరితోటలో కాయలు లోడ్ చేయిస్తున్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోయారు.

"ఏంటండీ ఇలా వచ్చారు? బండి బాగానే నడుస్తోందే. నేనేం కబురు పెట్టలేదే."

"బండిలో లోపం లేదండి. పోయిన సర్వీసులో నేనే తప్పు ఆయిల్ పోయించాను. ఈ ఇంజన్‌కి వేరే రకం పొయ్యాలి. అది మార్చి వెళ్దామని వచ్చానండి."

ఆయన నన్నూ, జీపులో డబ్బాల్నీ ఎగాదిగా చూశారు.

"మీరు రాకపోతే నాకు తెలిసేదా?"

"ఇప్పట్లో తెలిసేది కాదండి."

ఆయన డ్రైవర్ని దిగమన్నారు. ఇంజన్ ఇంకా వేడిగానే ఉంది. నట్టు విప్పి కింద పళ్ళెం పెట్టాను. నల్లటి ధార సన్నగా పడుతోంది. సుబ్బారావు గారు ఒక బొండం కొట్టించి నా చేతికిచ్చి, గట్టు మీద నా పక్కనే కూర్చున్నారు.

"మొత్తం దిగడానికి ఎంతసేపండి?"

"అరగంట పడుతుందండి."

"ఆయ్. అయితే ఓ పని చేద్దాం. షెడ్డులో మా పాత బండి ఉంది. మీ షాపులో కొన్నది కాదు. ఇంకో కంపెనీది. ఈలోగా దాన్ని కూడా ఓసారి చూసిపెడతారా?"

బొండం పక్కన పెట్టి, ఆయన వెనకాలే షెడ్డులోకి నడిచాను.

"ఆ బండిలో ఏం గమనించారండి?" అని అడిగాను. ఆయన చెప్పడం మొదలుపెట్టారు.